ఇంప్లాంట్ పాడైతే మళ్లీ లక్షలు ఎక్కడి నుంచి తేవాలి? ఐఆర్‌డీఏఐ చైర్మన్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన బీమా నియంత్రణ సంస్థ చైర్మన్ గారికి, ఢిల్లీలో మందులు, వైద్య పరికరాల ధరలు చూసే ఎన్‌పీపీఏ అధికారులకు,

నమస్కారం.

నేను ఖమ్మం జిల్లాలో ఉండే షుగర్ పేషెంటుని. వయసు అరవై దాటింది. ఈ ఉత్తరం పురుషాంగంలో అమర్చే ఇంప్లాంట్ గురించి, అది పాడైనప్పుడు మళ్లీ చేయించుకోవాల్సిన ఆపరేషన్ ఖర్చు గురించి. విషయం మొదట్లోనే చెప్పేస్తున్నాను. ఈ మాట పైకి అనడానికి మొహం చెల్లకే మాలాంటివాళ్లు ఇన్నాళ్లూ బిల్లులు కట్టుకుని నోరు మూసుకున్నారు, మీ ఆఫీసు దాకా ఒక్క కాగితం రాలేదు. నానక్‌రామ్‌గూడలో ఉన్న మీ ఆఫీసుకి మా ఊరి నుంచి పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నానికి రావచ్చు. అయినా ఉత్తరమే రాస్తున్నాను, అదీ అందరూ చదివేలా రాస్తున్నాను. ఇలాంటి ఆపరేషన్ అయిన ఇంకో మనిషి చదివితే తను ఒక్కడే కాదని తెలుస్తుందని నా ఆశ.

షుగర్ వచ్చి ఇరవై ఏళ్లు పైనే అయింది. ముందు అరికాళ్లలో మంటలు, ఆ తర్వాత కళ్లకు లేజర్, మధ్యలో ఎప్పుడో అంగస్తంభన పోయింది. నరాలు, సన్నటి రక్తనాళాలు దెబ్బతింటే ఒంట్లో అన్నిచోట్లా దెబ్బతింటాయి, ఆ ఒక్క అవయవాన్ని షుగర్ ఏమీ వదిలిపెట్టదు. 2023లో వచ్చిన ఐసీఎంఆర్ సర్వే లెక్కన దేశంలో షుగర్ ఉన్నవాళ్లు 10 కోట్ల పైమాటే. షుగర్ ఉన్న మగవాళ్లలో దాదాపు సగం మందికి ఏదో ఒక స్థాయిలో ఈ సమస్య ఉంటుందని ప్రపంచం మొత్తం మీది అధ్యయనాలు చెబుతున్నాయి. వాళ్లలో చాలామందికి మాత్రలు సరిపోతాయి. నాకు మాత్రలు పనిచేయలేదు, ఇంజెక్షన్లు పనిచేయలేదు, వాక్యూమ్ పంపు కొన్నాళ్లు వాడి పక్కన పెట్టాను. అన్నీ అయ్యాకే యూరాలజిస్ట్ గారు ఇంప్లాంట్ మాట ఎత్తారు. మా ఆవిడ, నేను ఇద్దరం కూర్చుని ఆలోచించుకుని సరే అనుకున్నాం. దాన్ని మేము సరదా కోసం చేయించుకోలేదు. ఆపరేషన్‌కి ముందు నాలుగైదేళ్లలో మా ఇద్దరి మధ్య మాట కూడా తగ్గిపోయింది, అంతకంటే వివరంగా ఇక్కడ రాయలేను.

దీని గురించి తెలియనివాళ్ల కోసం కొంచెం చెప్పాలి. నాకు పెట్టిన రకంలో మూడు భాగాలుంటాయి. అంగంలో రెండు సన్నటి సిలిండర్లు, వృషణాల సంచిలో ఒక చిన్న పంపు, పొత్తికడుపు లోపల మూత్రాశయం దగ్గర సెలైన్ నింపిన రిజర్వాయర్, ఈ మూడింటినీ కలుపుతూ సన్నటి గొట్టాలు. పంపు నొక్కితే సెలైన్ సిలిండర్లలోకి వస్తుంది, విడుదల చేస్తే వెనక్కి పోతుంది. 1973లో అమెరికాలోని హ్యూస్టన్ డాక్టర్లు మొదటిసారి వైద్య పత్రికలో రాసిన విధానమే ఇది, అంటే యాభై ఏళ్లు దాటిన వైద్యం. రుజువు కాని ప్రయోగాత్మక చికిత్స అని ఎవరూ పక్కకు నెట్టడానికి లేదు. ఇంకో రకం కూడా ఉంది, వంచితే వంగే రెండు కడ్డీలు మాత్రమే ఉండేది. అది చాలా చవక, మన దేశంలో తయారైనది కూడా దొరుకుతుంది. కానీ అది ఎప్పుడూ గట్టిగానే ఉంటుంది, లుంగీలోనో ప్యాంటులోనో సర్దుకుని తిరగాలి, పైగా షుగర్ వల్ల స్పర్శ తగ్గినవాళ్లలో కడ్డీ లోపలి నుంచి ఒత్తి ఒత్తి బయటికి పొడుచుకొచ్చే ప్రమాదం ఉందని మా డాక్టర్ గారు హెచ్చరించారు.

ఎనిమిదేళ్లు బాగానే నడిచింది. తర్వాత ఒకరోజు పంపు నొక్కితే, చేతికి గట్టిగా తగలాల్సిన బుడ్డ చప్పగా లోపలికి పోయి అలాగే ఉండిపోయింది, మళ్లీ ఉబ్బలేదు. రెండు మూడు రోజులు అలాగే చూసి హైదరాబాద్ వెళ్లాను. స్కానింగ్‌లో రిజర్వాయర్ ఖాళీ అని తేలింది, ఎక్కడో గొట్టానికో సిలిండర్‌కో చిల్లు పడింది. ఆ సెలైన్ ఎక్కడికి పోయింది సార్ అని అడిగితే, ఒంట్లోకి ఇంకిపోయింది, ఉప్పునీరే కదా, ప్రాణానికి ఏం భయం లేదు అన్నారు. నా మనసు మాత్రం అక్కడ కుదుటపడలేదు. ఆ తర్వాత ఆయన చెప్పిన మాట ఇది: "మొత్తం మార్చాలి."

పొలంలో బోరు మోటారు ఆగిపోతే మెకానిక్ వచ్చి పాడైన పైపు ఒక్కటే మార్చి వెళ్తాడు, ఇక్కడ అలా ఎందుకు కుదరదని నేనూ అడిగాను. కారణం తెలిశాక ఒప్పుకున్నాను. ఇన్నేళ్లు ఒంట్లో ఉన్న పరికరం చుట్టూ కంటికి కనబడని సూక్ష్మజీవుల పొర ఒకటి పేరుకుని ఉంటుంది, పాత భాగాలు లోపల వదిలి కొత్తది ఒకటి జోడిస్తే ఇన్ఫెక్షన్ ప్రమాదం పెరుగుతుంది, పైగా ఎనిమిదేళ్ల నాటి మిగతా భాగాలు ఇంకెన్నాళ్లు ఉంటాయో ఎవరూ చెప్పలేరు. అందుకని చాలామంది సర్జన్లు సిలిండర్లు, పంపు తీసేసి, లోపల యాంటీబయాటిక్ ద్రవాలతో బాగా కడిగి, పూర్తి కొత్త సెట్టు పెడతారు. రిజర్వాయర్‌ను తీయడం కష్టమైతే ఖాళీ చేసి అక్కడే వదిలేయడమూ ఉంది. మొదటి ఆపరేషన్ కంటే టైమ్ ఎక్కువ పడుతుంది, లోపలంతా మచ్చ కట్టి ఉంటుంది, అంత జాగ్రత్త తీసుకున్నా ఇన్ఫెక్షన్ ప్రమాదం మొదటిసారి కంటే ఎక్కువే. మచ్చ బాగా గట్టిపడితే మామూలు సిలిండర్లు పట్టవు, సన్నవి తెప్పించాలి.

ఇదంతా అరుదుగా జరిగే దురదృష్టం కూడా కాదు. 2007లో అచ్చయిన ఒక అమెరికా అధ్యయనంలో 2,384 మంది పేషెంట్లను చూస్తే, మళ్లీ ఆపరేషన్ అవసరం పడకుండా పదేళ్లు గడిపినవాళ్లు సుమారు 68 శాతం, పదిహేనేళ్లు గడిపినవాళ్లు సుమారు 60 శాతం. అంటే నలభై అయిదో ఏట ఇంప్లాంట్ పెట్టించుకున్న మనిషికి జీవితంలో ఇంకోసారి ఆపరేషన్ బల్ల ఎక్కాల్సి వచ్చే అవకాశం బాగానే ఉందన్నమాట. మొదటి ఆపరేషన్ ముందే ఈ సంగతి కాగితం మీద రాసి, ఇంకోసారి ఎంత అవుతుందో కూడా చెప్పి సంతకం తీసుకునే ఆసుపత్రులు ఎన్ని ఉన్నాయి? నాకు చెప్పలేదు. చెప్పి ఉన్నా నేను చేయించుకునేవాణ్నే, కానీ ఆ ఎనిమిదేళ్లలో నెలకింత అని పక్కన పెట్టుకుని ఉండేవాణ్ని.

ఎస్టిమేషన్ కాగితం ఇప్పటికీ నా దగ్గర ఉంది. రూము, ఓటీ చార్జీలు, సర్జన్ ఫీజు, మత్తు డాక్టర్ ఫీజు, మందులు అన్నీ విడివిడిగా వేశారు. అన్నీ కలిపినా ఒక్క ఇంప్లాంట్ లైనుకి సరితూగలేదు. విదేశీ కంపెనీది, దిగుమతి సరుకు, లక్షల్లో మాట. మొదటిసారి మా నాన్న ఇచ్చిన స్థలం అమ్మి కట్టాను. రెండోసారికి అమ్మడానికి ఏమీ లేదు.

ఇక బీమా సంగతి. పన్నెండేళ్లకు పైగా ఒక్క ఏడాది తప్పకుండా ప్రీమియం కట్టిన పాలసీ నాది. షుగర్ ఉందని మొదట్లోనే రాశాను, అందుకు అదనంగా వసూలు చేశారు, వెయిటింగ్ పీరియడ్ కూడా ఎప్పుడో అయిపోయింది. ఆసుపత్రి కింద ఫ్లోర్లో ఇన్సూరెన్స్ డెస్క్ దగ్గర క్యాష్‌లెస్‌కి ఫారం ఇచ్చాను. నా వెనక ఇంకా అయిదారుగురు నిలబడి ఉన్నారు. కౌంటర్లో కుర్రాడు ఫోన్లో టీపీఏ వాళ్లతో, అంటే బీమా కంపెనీ తరఫున క్లెయిములు చూసే ఏజెన్సీతో, మాట్లాడుతూ, ఏం ఆపరేషన్ అని అటు నుంచి అడిగితే, ఆ పేరు గట్టిగా చదివాడు. అటువైపు వినబడలేదేమో, రెండోసారి ఇంకా గట్టిగా చెప్పాడు. పక్కనే ఉన్న మా అల్లుడు తల దించుకుని నీళ్ల బాటిల్ తెస్తానని వెళ్లిపోయాడు. ఆ కుర్రాడిని నేను తప్పుపట్టను, అతనికి ఎవరూ నేర్పలేదు. అయితే చైర్మన్ గారూ, క్యాష్‌లెస్ రిక్వెస్టు గంటలో తేల్చాలని 2024లో మీరే సర్క్యులర్ ఇచ్చారు, చాలా మంచి పని. పేషెంటు జబ్బు పేరు పదిమంది ముందు అరవకూడదని కూడా ఒక లైను రాస్తే ఎంత బాగుండేదో ఆ క్షణం అనిపించింది.

గంటలోనే జవాబు వచ్చింది. లేదు అని. లైంగిక సమస్యల చికిత్స పాలసీలో కవర్ కాదట. పాలసీ పుస్తకం తిరగేస్తే నిజంగానే ఒక లైను ఉంది.

ఆ లైను గురించే నా గొడవ అంతా. ఒక్కటే అడుగుతున్నాను. షుగర్ వల్ల కిడ్నీ పాడైతే డయాలిసిస్‌కి డబ్బు ఇస్తారు. కంటి రెటీనా పాడైతే ఇస్తారు. కాలికి పుండు పడి వేలు తీసేయాల్సి వస్తే ఇస్తారు. అదే షుగర్, అదే నరం, అదే రక్తనాళం, నడుము కింద ఒక్క చోట మాత్రం అది జబ్బు కాకుండా ఎలా పోయింది? ప్రీమియం వసూలు చేసేటప్పుడు షుగర్ మొత్తానికి వసూలు చేశారు కదా, ఆ అవయవానికి ఏమీ డిస్కౌంట్ ఇవ్వలేదు.

కొన్ని కంపెనీలు దీన్ని సంతానలేమి మినహాయింపు కింద, అంటే బీమా డబ్బు ఇవ్వని వాటి జాబితా కింద, వేస్తాయని కూడా విన్నాను. మీరు ఇచ్చిన ప్రామాణిక మినహాయింపుల్లో 17వది సంతానలేమి గురించి. నాకు ఇద్దరు పిల్లలు, ఒక మనవరాలు. నేను పిల్లల కోసం వైద్యం అడగడం లేదు.

సరే, మొదటి ఇంప్లాంట్ సంగతి కాసేపు పక్కన పెడదాం. దాని మీద వాదన ఉండొచ్చు, కంపెనీలకు వాటి లెక్కలుంటాయి. కానీ రివిజన్, అంటే ఉన్న ఇంప్లాంట్ పాడైతే మళ్లీ చేసే ఆపరేషన్, వేరే విషయం. ఒంట్లో ఒక పరికరం ఉంది, అది పాడైంది, లేదా దాని చుట్టూ చీము పట్టింది. దాన్ని తీయాలా వద్దా అనే ప్రశ్నే లేదు, తీయాల్సిందే. యూరాలజీ ఓపీలో నాకు నల్గొండ వైపు పెద్దమనిషి ఒకరు పరిచయమయ్యారు, ఆయనకు ప్రోస్టేట్ క్యాన్సర్‌కి ఆపరేషన్ అయింది. ఆ ఆపరేషన్‌లో నరాలు పోయి ఈ సమస్య వచ్చింది, తర్వాత ఇంప్లాంట్ పెట్టించుకున్నారు, కొన్ని నెలలకు ఇన్ఫెక్షన్ వచ్చింది. వృషణాల సంచి ఎర్రగా వాచి, జ్వరంతో వణుకుతూ అడ్మిట్ అయ్యారు. షుగర్ కూడా ఉంది, ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకితే మనిషి దక్కడు. ఆ పరిస్థితిలో పెట్టిన క్లెయిమ్‌ని, కవర్ కాని చికిత్స వల్ల వచ్చిన సమస్య కనుక ఇదీ కవర్ కాదని కొట్టేశారు. క్యాన్సర్ ఆపరేషన్‌కి డబ్బు కట్టింది కూడా ఆ కంపెనీయే. క్యాన్సర్‌కి ఇచ్చి, ఆ ఆపరేషన్ తెచ్చిన నష్టానికి ఇవ్వక, చివరికి చీముకి, జ్వరానికి, ఐసీయూకి కూడా ఇవ్వకపోవడం ఎంత అన్యాయమో మీరే చెప్పండి.

అలాంటి ఇన్ఫెక్షన్‌కి రెండు దారులున్నాయి. ఒకటి, పరికరం మొత్తం తీసి, రకరకాల యాంటీసెప్టిక్, యాంటీబయాటిక్ ద్రవాలతో కడిగి, అప్పటికప్పుడే కొత్తది పెట్టడం. 1990ల నుంచి ఈ పద్ధతి ఉంది, తగిన పేషెంట్లలో ఎక్కువమందికి పనిచేస్తుంది. రెండోది, తీసేసి ఊరుకుని, నెలల తర్వాత మళ్లీ పెట్టడం. ఈలోపు లోపల కండరం మచ్చ కట్టి గట్టిపడిపోతుంది, అంగం పొడవు తగ్గుతుంది, తర్వాతి ఆపరేషన్ చాలా కష్టమవుతుంది. మంచి దారి మొదటిది. కానీ ఆ రాత్రికి రాత్రి కొత్త ఇంప్లాంట్ కొనడానికి లక్షలు చేతిలో ఉన్నవాడికే ఆ దారి. లేనివాడు తీయించుకుని ఇంటికెళ్తాడు, తర్వాత ఎప్పటికీ పెట్టించుకోడు. నల్గొండ పెద్దాయన తీయించుకుని ఇంటికెళ్లారు.

అమెరికాలో పెద్దవాళ్లకు ఉన్న మెడికేర్ అనే ప్రభుత్వ బీమా ఈ ఆపరేషన్‌కి వైద్య అవసరం అని డాక్టర్ చూపిస్తే డబ్బు ఇస్తుంది, సాధారణంగా 20 శాతం పేషెంటు భరించాలి. తీసి కొత్తది పెట్టడానికి ఒక బిల్లింగ్ కోడ్, ఇన్ఫెక్షన్ ఉన్నచోట తీసి అదే సిట్టింగ్‌లో కొత్తది పెట్టడానికి ఇంకో కోడ్ అక్కడ విడివిడిగా ఉన్నాయి. అంటే ఇలా జరుగుతుందని వాళ్లు ముందే ఊహించి పేరు పెట్టి పెట్టుకున్నారు. ధనిక దేశం, వాళ్లకు చెల్లుతుంది అనకండి. నేను మన దేశంలో మీరు చేసిన పనులే గుర్తుచేస్తాను.

2019 సెప్టెంబర్లో మీరు ఇచ్చిన మార్గదర్శకాలు చదివాను. మానసిక జబ్బులు, మెనోపాజ్ సంబంధిత సమస్యలు, జన్యుపరమైన జబ్బులు, వయసుతో కంటి రెటీనాలోని మాక్యులాకి వచ్చే సమస్య, వీటిని పాలసీలోంచి తీసేయడానికి వీల్లేదని కంపెనీలకు చెప్పారు. అంతకుముందు ఇవన్నీ నిశ్శబ్దంగా మినహాయింపుల్లో ఉండేవి, మాట్లాడడానికి జనం సిగ్గుపడేవే ఇందులో చాలా ఉన్నాయి. మీరు ఒక్క కాగితంతో మార్చేశారు. కాస్మెటిక్ సర్జరీ మినహాయింపులో కూడా, ప్రమాదం, కాలిన గాయాలు, క్యాన్సర్ తర్వాత చేసే పునర్నిర్మాణానికి ఆ మినహాయింపు వర్తించదని స్పష్టంగా రాశారు. క్యాన్సర్ వల్ల రొమ్ము తీసేసిన ఆడమనిషికి మళ్లీ రొమ్ము నిర్మించడం న్యాయమని మీరు ఒప్పుకున్నారు, చాలా సంతోషం, అది న్యాయమే. ప్రోస్టేట్ క్యాన్సర్ అయిన మగవాడికి ఆ న్యాయం ఎందుకు దక్కదు? రోబోటిక్ సర్జరీ, ప్రోస్టేట్‌కి గ్రీన్ లేజర్ లాంటి ఆధునిక చికిత్సలను కూడా కవర్ చేయాలని, కావాలంటే పరిమితి పెట్టుకోవచ్చని మీరే దారి చూపించారు. ప్రోస్టేట్‌ని రోబోతో తీయడానికి డబ్బుంది, తీశాక ఆ మనిషి ఎలా బతుకుతాడో చూడడానికి లేదు.

ప్రీమియంలు పెరుగుతాయని కంపెనీలు అంటాయి. మోకాళ్లతో, స్టెంట్లతో పోలిస్తే ఈ ఆపరేషన్లు చాలా తక్కువ. దుర్వినియోగం భయం ఉంటే షరతులు పెట్టండి: మాత్రలు, ఇంజెక్షన్లు పనిచేయలేదని యూరాలజిస్ట్ రాసివ్వాలి, పరీక్ష రిపోర్టులు జతచేయాలి, ఇంత మొత్తం వరకే అని పరిమితి పెట్టండి. సగం ఇచ్చినా మాలాంటివాళ్లకు కొండంత అండ. ఒక్క రూపాయి ఇవ్వం అనేది మాత్రం షరతు కిందికి రాదు.

క్లెయిములు రావడం లేదు కాబట్టి అవసరం లేదు అనే వాదన కూడా వింటున్నాను. క్లెయిములు ఎలా వస్తాయి సార్? గ్రూప్ పాలసీ అయితే ఆఫీసులో హెచ్‌ఆర్ చూస్తారని భయం. సొంత పాలసీ అయితే ఏజెంటు మన ఊరివాడే. రిజెక్ట్ అయితే బీమా భరోసా పోర్టల్లో ఫిర్యాదు చేయొచ్చని, బీమా తగాదాలు తేల్చే అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్తే పైసా ఖర్చు లేదని నాకు తెలుసు, అంబుడ్స్‌మన్ ఆఫీసు కూడా హైదరాబాద్‌లోనే ఉంది. కానీ అక్కడ హియరింగ్‌లో కూర్చుని ఈ మాటలన్నీ మళ్లీ చెప్పాలి. ఎంతమంది వెళ్తారు? వెళ్లనివాళ్లు ఎక్కడికి వెళ్తున్నారో చెప్పనా? బస్టాండ్ గోడల మీద, రైల్వే ట్రాక్ పక్కన గోడల మీద రాసి ఉంటుంది చూడండి, గుప్త రోగాలకు గ్యారంటీ చికిత్స అని. ఇలాంటి ప్రకటనలను నిషేధిస్తూ 1954 నుంచి చట్టం ఉంది, అయినా గోడలు అలాగే ఉన్నాయి. నాకు తెలిసిన లారీ ఓనర్ ఒకాయన అలాంటి చోట పొడులకు, లేహ్యాలకు పోసిన డబ్బుతో ఒక మంచి ఆసుపత్రిలో వైద్యం అయిపోయేది. సరైన వైద్యానికి దారి మూసేస్తే జనం వెళ్లేది ఆ గోడల వైపే.

ఇప్పుడు ఎన్‌పీపీఏ వారికి రెండు మాటలు.

2017 ఫిబ్రవరిలో గుండె స్టెంట్ల ధర కట్టడి చేశారు, ఆ ఏడాది ఆగస్టులో మోకాలి ఇంప్లాంట్ల ధర కట్టడి చేశారు. ఆ మోకాలి ఆర్డర్లో నాకు బాగా నచ్చింది ఏమిటంటే, రివిజన్ ఇంప్లాంట్‌కి వేరే ధర పెట్టారు, అప్పట్లో 1,13,950 రూపాయలు. అంటే మోకాలు అరిగిపోతుంది, మళ్లీ మార్చాల్సి వస్తుంది, రెండోసారి మనిషిని దోచుకోకూడదు అని మీకు తెలుసు. మా పరికరానికి ఆ ఆలోచన ఎందుకు చేయలేదు? 2020 ఏప్రిల్ నుంచి వైద్య పరికరాలన్నీ చట్టం దృష్టిలో మందుల కిందికే వచ్చాయి, ఏడాదికి 10 శాతం కంటే ఎక్కువ ఎంఆర్‌పీ పెంచకూడదనే నియమం వీటికీ ఉంది. అది మంచిదే. కానీ అసలు మొదటి ధరే ఆకాశంలో ఉంటే 10 శాతం కట్టడితో మాకు ఒరిగేదేముంది? కంపెనీ ఆసుపత్రికి ఎంతకు ఇస్తుందో, ఆసుపత్రి నాకు ఎంతకు వేస్తుందో బిల్లులో కనబడేలా చేయండి. విడి భాగాల ధర కూడా ప్రకటించండి, కొందరికి ఆపరేషన్ అయిన కొత్తలోనే గొట్టమో పంపో పాడైతే, అది ఒక్కటే మార్చితే చాలని సర్జన్ అనే సందర్భాలూ ఉంటాయి. అప్పుడు కూడా మొత్తం సెట్టు కొనిపించకూడదు.

వారంటీ గురించి తప్పకుండా చెప్పాలి. యంత్రపరంగా పాడైతే పరికరాన్ని మార్చి ఇచ్చే పాలసీలు ఈ కంపెనీలకు ఉన్నాయి. ఆ పాలసీ మన దేశంలో కొన్న పేషెంటుకి వర్తిస్తుందా, ఎన్నేళ్లు, ఏ షరతుల మీద అన్నది తెలుగులో రాసి చేతికిచ్చే దిక్కు లేదు. ఇచ్చినా పరికరం వరకే, ఆపరేషన్ ఖర్చు మనదే. కనీసం అదైనా దక్కాలంటే సీరియల్ నంబరు కావాలి. ప్రతి ఇంప్లాంట్ డబ్బాలో చిన్న చిన్న స్టిక్కర్లు వస్తాయి, మోడల్, లాట్ నంబరు, సీరియల్ నంబరు ఉన్నవి. ఆపరేషన్ అయ్యాక ఓటీ సిస్టర్ వాటిని కేస్ షీట్‌లో అంటిస్తుంది. నా కేస్ షీట్ ఆసుపత్రి రికార్డు రూములో ఉండాలి. ఎనిమిదేళ్ల తర్వాత వెళ్లి అడిగితే పాత రికార్డులు తీసేశాం అన్నారు. నా డిశ్చార్జి సమ్మరీలో కంపెనీ పేరు తప్ప ఏమీ లేదు. ఇంప్లాంట్ అమ్మిన ఏజెన్సీవాళ్లకు ఫోన్ చేస్తే సీరియల్ నంబరు లేకుండా ఏం చేయలేం అన్నారు. బొటనవేలు గోరంత స్టిక్కరు ఒకటి నా చేతిలో పెట్టి ఉంటే కొన్ని లక్షలు మిగిలేవేమో.

వైద్య పరికరాల వల్ల నష్టం జరిగితే నమోదు చేయడానికి 2015 నుంచి కేంద్రం నడిపే కార్యక్రమం ఒకటి ఉంది, ఘాజియాబాద్ నుంచి నడుస్తుంది. పాడైన నా పంపు, సిలిండర్ల గురించి అక్కడికి రిపోర్టు వెళ్లిందా అని ఆసుపత్రిని అడిగాను. అదేమిటి అన్నట్టు చూశారు. ఏ మోడల్ ఎన్నేళ్లకు పాడవుతోందో మన దేశంలో లెక్క లేకపోతే కంపెనీని ఎవరు నిలదీస్తారు? తుంటి ఇంప్లాంట్ల విషయంలో ఒక పెద్ద విదేశీ కంపెనీ సరుకు పాడై వేలమంది మళ్లీ ఆపరేషన్లు చేయించుకున్నాక, కేంద్రం కమిటీ వేసి నష్టపరిహారం లెక్క కట్టింది. ఆ పేషెంట్లు కుంటుతూ టీవీల ముందుకు వచ్చారు కాబట్టి కదిలింది. మేం టీవీల ముందుకు రాలేం.

చివరగా నేను అడుగుతున్నవి. చైర్మన్ గారూ, ఒంట్లో ఇప్పటికే ఉన్న ఇంప్లాంట్ పాడైనా, ఇన్ఫెక్షన్ వచ్చినా, బయటికి పొడుచుకొచ్చినా, దాన్ని తీసే ఆపరేషన్‌ని, ఆ ఆసుపత్రి ఖర్చుని ఏ పాలసీ కూడా లైంగిక సమస్యల పేరుతో కాదనకూడదని ఒక సర్క్యులర్ ఇవ్వండి. ముందుగా ఇది చేయండి, ఇది ప్రాణానికి సంబంధించినది. తర్వాత, క్యాన్సర్, వెన్నెముక దెబ్బ, షుగర్ లాంటి శారీరక కారణం రుజువైన చోట కొత్త ఇంప్లాంట్‌కి కూడా పరిమితితోనైనా ఇవ్వాలని చెప్పండి. టీపీఏ డెస్కుల్లో జబ్బు పేరు గోప్యంగా ఉంచాలని ఆదేశించండి. ఎన్‌పీపీఏ వారూ, మోకాలికి చేసినట్టే దీనికీ ధర కట్టండి, స్టిక్కరు, వారంటీ కాగితం పేషెంటు చేతికి ఇవ్వకపోతే బిల్లు చెల్లదని ఆసుపత్రులకు చెప్పండి.

నా ఆపరేషన్ ఇంకా అవలేదు. పాడైన పరికరం ఒంట్లోనే ఉంది, ఇన్ఫెక్షన్ లేదు కాబట్టి డబ్బు సర్దుబాటు అయ్యేదాకా ఆగొచ్చన్నారు డాక్టర్ గారు. మా ఆవిడ తన గొలుసు తాకట్టు పెడదాం అంటోంది, నేను వద్దంటున్నాను. నా రిజెక్షన్ లెటర్, ఎస్టిమేషన్, పాలసీలో ఆ లైను ఉన్న పేజీ, మూడూ ఈ ఉత్తరం కాపీతో కలిపి మీ ఆఫీసుకి స్పీడ్ పోస్టులో పంపిస్తున్నాను. అందులో నా పేరు, పాలసీ నంబరు, ఫోన్ నంబరు ఉన్నాయి. మీ ఆఫీసు నుంచి ఎవరైనా ఫోన్ చేస్తే ఏ వివరం అడిగినా చెబుతాను, హియరింగ్‌కి రమ్మన్నా వస్తాను.

ఇట్లు,
ఒక పాలసీదారు,
ఖమ్మం జిల్లా